కొరత తెరిచిన తలుపు

నెల తక్కువ బిడ్డను వెచ్చని పెట్టెలో ఉంచి బతికించవచ్చన్న ఆలోచన ఆసుపత్రిలో కుదురుకున్నది 1880 ప్రాంతంలో, పారిస్‌లో. మెటర్నిటె ప్రసూతి ఆసుపత్రి వైద్యుడు స్తెఫాన్ టార్నియే నగరంలోని జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెలు చూశాడు. వాటిని తయారుచేసిన ఓడిల్ మార్తాన్ చేతే పసిపిల్లలకు పనికొచ్చే పెట్టె ఒకటి చేయించాడు. అడుగున వేడినీళ్లు, పై అరలో బిడ్డ, లోపల వెచ్చబడి పైకి లేచే గాలి. అంతే యంత్రం. రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన వాళ్లలో చావులు 66 శాతం నుంచి 38 శాతానికి దిగాయని ఆ ఆసుపత్రి లెక్క చెప్పింది. ఆ లెక్క వైద్య చరిత్ర పుస్తకాలన్నిటికీ ఎక్కింది. అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఆ పెట్టె వచ్చినా తల్లి దూరం కాలేదు. టార్నియే శిష్యుడు పియర్ బ్యూడాన్ 1895లో అదే ఆసుపత్రిలో బలహీన శిశువుల విభాగం చేపట్టాడు. అంతకు రెండేళ్ల ముందు దాన్ని మొదలుపెట్టింది ఆ ఆసుపత్రి ప్రధాన మంత్రసాని మదామ్ ఆన్రీ. బ్యూడాన్ తల్లులను లోపలికి రమ్మన్నాడు, పాలిమ్మన్నాడు, బిడ్డ కళ్ల ముందు ఉండేలా గాజు గోడల పెట్టెలు వాడాడు. బిడ్డ అవసరాలేవీ తన చేతులతో తీర్చని తల్లికి ఆ బిడ్డ మీద ధ్యాస సన్నగిల్లిపోతుందని, తరవాత ఇంటికి తీసుకెళ్లినా సాకలేదని 1900లో అచ్చయిన తన ఉపన్యాసాల పుస్తకంలో హెచ్చరించాడు. బిడ్డ ఒంటి వేడి ఎంత తగ్గితే ఎంత ప్రమాదమో కొలిచి చూసిన మనిషి చెప్పిన మాట ఇది. మెత్తటి మనసు మాట్లాడించిన మాట కాదు.

కాబట్టి నవజాత శిశు వైద్యం పుట్టినప్పుడు తల్లి అందులో ఉంది. ఆమె బయటికి వెళ్లింది తరవాత. ఈ వరుసను జాగ్రత్తగా చదివితే, తల్లిదండ్రులను బయట నిలబెట్టడం వెనుక పరీక్షించి తేల్చిన రుజువంటూ ఏదీ కనబడదు. సగం న్యాయమైన భయం, సగం ఆసుపత్రి నడిపే వాళ్ల సౌకర్యం కనబడతాయి. తిరిగి లోపలికి పిలిచినప్పుడు కూడా, చాలాచోట్ల మొదట పిలిచింది సైన్సు కాదు. ఇంక్యుబేటర్లు చాలకో, నర్సులు చాలకో పిలిచారు. రుజువులు ఆ తరవాత వచ్చాయి. ఈ పుట్టుక తెలియకపోతే ఇవాళ మన జిల్లా ఆసుపత్రుల్లో ‘కుటుంబ భాగస్వామ్యం’ పేరుతో జరుగుతున్నదాని బలమూ అర్థం కాదు, అందులోని ప్రమాదమూ అర్థం కాదు.

బయటికి పోవడం ఒక వింత దారిలో జరిగింది. నీస్ నగరంలో అలెక్సాందర్ లియాన్ 1890 ప్రాంతంలో చేసిన ఇంక్యుబేటర్ టార్నియే పెట్టెలా వేడినీళ్లతో నడిచే సామాన్య వస్తువు కాదు. వేడిని తనంతట తానే సరిచేసుకునే ఖరీదైన యంత్రం. ఆ ఖర్చు రాబట్టడానికి లియాన్ జనం నుంచి రుసుము తీసుకుని పిల్లలను చూపించాడు. దాన్నే వ్యాపారంగా అట్లాంటిక్ దాటించినవాడు మార్టిన్ కూనీ. 1896 బెర్లిన్ ప్రదర్శనతో మొదలుపెట్టి, 1903 నుంచి 1943 దాకా న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ వినోదశాలలో, రంగులరాట్నాల మధ్య, ఇంక్యుబేటర్లలో పిల్లలను పెట్టి ప్రదర్శన నడిపాడు. చూసేవాళ్ల దగ్గర పాతిక సెంట్లు వసూలు చేసేవాడు. పిల్లల తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. అతనికి వైద్య పట్టా ఉన్నట్టు తరవాత వెతికిన వాళ్లకు ఆధారం దొరకలేదు. అయినా ఆసుపత్రులు వదులుకున్న పిల్లలను వేల సంఖ్యలో బతికించాడన్నది కొట్టిపారేయలేని సంగతి. కానీ అతని శాలలో బిడ్డ ఉంటుంది, యంత్రం ఉంటుంది, దాదులు, నర్సులు ఉంటారు, టికెట్ కొన్న జనం ఉంటారు. తల్లికి మాత్రం పని లేదు. బరువు పెరిగిన పిల్లలను తీసుకుపొమ్మంటే కొందరు తల్లిదండ్రులు వెనకాడేవారని తరవాతి వైద్యులు రాశారు. బ్యూడాన్ భయపడినది అదే.

అమెరికాలో నెల తక్కువ పిల్లలకు ఆసుపత్రిలో పద్ధతిగా విభాగం నెలకొల్పినవాడు షికాగో వైద్యుడు జూలియస్ హెస్. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో అతను కూనీతో కలిసి పనిచేశాడు కూడా. అతని విభాగం విజయం యంత్రానిది కన్నా నర్సులది. ఒంటిని ఎక్కువ కదిలించకుండా, గొట్టంతో చుక్క చుక్క పాలు పోస్తూ, చేతులు కడుక్కోవడంలో సైనిక క్రమశిక్షణ పాటిస్తూ ఆ నర్సులు పిల్లలను నిలబెట్టారు. ఆ క్రమశిక్షణకు సందర్శకులు గిట్టరు. అదే కాలంలో పురుళ్లు ఇళ్లు వదిలి ఆసుపత్రులకు చేరాయి. 1930ల చివరికి అమెరికాలో సగం కాన్పులు ఆసుపత్రిలో, 1950ల మధ్యకు దాదాపు అన్నీ. ఒక్కో ఆసుపత్రిలో రోజుకు పదులకొద్దీ పిల్లలు పుడుతుంటే, అందరినీ ఒకే గదిలో వరుసగా పడుకోబెట్టి, నాలుగు గంటలకోసారి పాలసీసాలు అందించడం నడిపేవాళ్లకు సుళువు. ఆరోగ్యంగా పుట్టిన పిల్లలు కూడా ఆ గదిలోకే వెళ్లారు. తండ్రి కారిడార్‌లో అద్దం దగ్గర నిలబడి, తన బిడ్డ ఏ ఉయ్యాలలో ఉందో వేలు పెట్టి చూపించుకునే ఫొటోలు ఆ కాలపువే.

ఇక్కడ ఆసుపత్రి పక్షాన ఒక మాట చెప్పి తీరాలి. క్రిముల భయం కల్పితం కాదు. పెన్సిలిన్ రాకముందు పిల్లల గదుల్లో విరేచనాలు అంటుకుంటే వరుసగా ఉయ్యాలలు ఖాళీ అయ్యేవి. పెన్సిలిన్ వచ్చాక, 1950లలో, దానికి లొంగని స్టెఫిలోకాకస్ ఆస్ట్రేలియాలో బయటపడి దేశదేశాల ప్రసూతి ఆసుపత్రులను చుట్టబెట్టింది. బయటివాళ్లను ఆపాలనుకోవడంలో తప్పు లేదు. అయితే క్రిమి ఎటునుంచి వస్తున్నదో కూడా చూడాలి. ఇరవైమంది పిల్లలను ఒకే గదిలో చేర్చి, ఇద్దరు నర్సులు ఒకరి తరవాత ఒకరిని ఎత్తుకుని, తుడిచి, పాలు పడితే, ఒక బిడ్డ ఒంటి మీది క్రిమి మిగతా పందొమ్మిదిమందికి చేరడానికి అంతకన్నా దగ్గర దారి ఉండదు. తల్లి ముట్టేది ఒక్క బిడ్డను. ఆమె ఒంటి మీది క్రిములకు విరుగుడు ఆమె పాలలోనే ఎంతో కొంత ఉంటుంది. ఈ తర్కాన్ని మాటల్లో కాక ఆచరణలో చూపించింది న్యూజిలాండ్‌లో సెసిలీ, హెన్రీ పికరిల్ దంపతులు. గ్రహణమొర్రి వంటి వాటికి శస్త్రచికిత్స చేసే ఈ ఇద్దరూ పెద్దాసుపత్రి వార్డుల్లో కుట్లు చీము పట్టడం చూసి విసిగి, 1942లో లోయర్ హట్‌లో బాసమ్ అనే చిన్న ఆసుపత్రి తెరిచారు. ప్రతి బిడ్డకూ తల్లి ఒక్కతే సేవ చేయాలన్నది అక్కడి నియమం. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం ఆగిపోయిందని 1954లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. క్రిముల పేరు చెప్పి మూసిన తలుపును క్రిముల పేరు చెప్పే తెరిచారు. పెద్దాసుపత్రులు దాన్ని చదివి పక్కన పెట్టాయి.

ఎందుకు పక్కన పెట్టాయన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న. రుజువు చాలలేదనలేం. మూసి ఉంచడానికి అసలు రుజువే లేదు కదా. వార్డు అమరిక, షిఫ్టులు, నర్సు శిక్షణ, డాక్టరు రౌండ్లు అన్నీ తల్లి లేదన్న లెక్కతో కట్టుకున్నవి. ఆమెను లోపలికి తెస్తే ఒక్క కుర్చీ వేస్తే సరిపోదు, ఎవరి పని ఏదో మళ్లీ రాసుకోవాలి. బ్రిటన్‌లో న్యూకాజిల్ వైద్యుడు జేమ్స్ స్పెన్స్ 1920లలోనే జబ్బుపడిన పిల్లలతో పాటు తల్లులనూ చేర్చుకున్నాడు. ఒంటరిగా ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాప ఎలా కుంగిపోతుందో చూపుతూ జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమా తీశాడు. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల రాకపోకలకు అడ్డు ఉండకూడదంది. ఇన్ని జరిగినా ఆ మార్పు నవజాత శిశువుల విభాగం గడప దగ్గరే ఆగింది. మాట్లాడలేని, తల్లి కోసం తలుపు వైపు చూడలేని బిడ్డ కనుక ఆ బిడ్డ పక్షాన సినిమా తీయడం కష్టం.

అమెరికాలో ఆ గడప దాటించిన వాదం ఒకటి ఉంది, అది నిజానికి బలహీనమైనది. స్టాన్‌ఫర్డ్‌లో 1960ల మధ్యలో కొందరు వైద్యులు నెల తక్కువ పిల్లల గదిలోకి తల్లులను పంపి చూశారు. భయపడినట్టు క్రిములు పెరగలేదని 1970లో ప్రకటించారు. అంతవరకు గట్టి పని. 1972లో మార్షల్ క్లాస్, జాన్ కెనెల్ ఇంకో అడుగు వేసి, కాన్పయిన తొలి గంటల్లో, తొలి రోజుల్లో బిడ్డతో గడిపిన తల్లికి ఆ తరవాత కూడా మమకారం హెచ్చుగా ఉంటుందన్నారు. చూసింది 28 మంది తల్లులను. ఆ వాదం దావానలంలా పాకింది, ఆసుపత్రుల నియమాలు మార్చింది. తొలి గంటలు తప్పితే అంతా తప్పిపోయినట్టే అన్న అర్థం వచ్చేసరికి, ఆపరేషన్ జరిగి మత్తులో ఉన్న తల్లులకు, బిడ్డను దత్తత తీసుకున్నవాళ్లకు అది శిక్షలా తగిలింది. దశాబ్దం తిరగక ముందే ఇతర పరిశోధకులు ఆ ‘కీలక సమయం’ వాదాన్ని నిలదీశారు. ఆ ఇద్దరే తమ పుస్తకం తరవాతి కూర్పులో దాని పదును తగ్గించారు. తప్పు వాదంతో మంచి పని జరిగిన సందర్భం ఇది. అయితే దాని ఖరీదు ఒకటుంది. తల్లిదండ్రుల ప్రవేశమంటే సెంటిమెంటు వ్యవహారమనీ, చికిత్స వేరే, అది వేరే అనీ వైద్యుల్లో స్థిరపడిపోయింది. సందర్శన వేళలు పెంచారు, గోడలకు బొమ్మలు వేశారు. చేతికి పని మాత్రం ఇవ్వలేదు.

చేతికి పని ఇచ్చింది బీద ఆసుపత్రులు. కొలంబియా రాజధాని బొగొటాలో మాతాశిశు సంస్థ బీదల ప్రసూతి ఆసుపత్రి. ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలను సర్దాల్సి వచ్చేది, ఒకరికి ఇన్ఫెక్షన్ సోకితే అందరికీ సోకేది. 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా, మరుసటి ఏడు చేరిన హెక్టర్ మార్తీనెజ్ కలిసి, కాస్త కుదుటపడిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనేలా కట్టి, రొమ్ముపాలే పట్టిస్తూ, తొందరగా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. ఇవాళ మన నర్సులు కూడా ‘కంగారూ మదర్ కేర్’ అనే పద్ధతి అదే. 1980లలో యూనిసెఫ్ దాన్ని లోకానికి చాటుతూ చావులు అద్భుతంగా తగ్గాయని చెప్పింది. 1985లో ఇద్దరు బ్రిటిష్ వైద్యులు బొగొటా వెళ్లి చూసొచ్చి లాన్సెట్‌లో ఆ లెక్కలోని లొసుగు బయటపెట్టారు. తొలి రోజుల్లోనే చనిపోయిన పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు, నిలదొక్కుకున్న వాళ్లనే లెక్కపెట్టారు. వాళ్ల విమర్శ న్యాయమే. ఆ విమర్శకు జవాబుగా నతాలీ షార్పాక్ బృందం బొగొటాలోనే ఏడు వందల మందికి పైగా పిల్లలను చీటీ పద్ధతిలో రెండు జట్లు చేసి పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించింది. ప్రచారంలో చెప్పినంత అద్భుతం అందులో కనబడలేదు. కానీ తల్లి ఒంటి మీద పెరిగిన బిడ్డ ఇంక్యుబేటర్‌లో పెరిగిన బిడ్డకు ఏ విధంగానూ తీసిపోదని, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయని తేలింది. లేనివాళ్ల సర్దుబాటు అనుకున్నది ఉన్నవాళ్ల పద్ధతితో సమానంగా నిలబడింది.

సోవియట్ పాలన కింద ఉన్న ఎస్టోనియాలో దాదాపు అదే సమయంలో, 1979లో, ఇంకో కొరత ఇంకో తలుపు తెరిచింది. తాలిన్ పిల్లల ఆసుపత్రిలో ఆదిక్ లెవిన్ దగ్గర నర్సులు చాలరు. తల్లులను రాత్రింబగళ్లు ఆసుపత్రిలోనే ఉంచి, సూది మందులు తప్ప తక్కిన సేవంతా వాళ్లకే అప్పగించాడు. నర్సు పని చేయడం నుంచి నేర్పడం వైపు మారింది. పిల్లల బరువు బాగా పెరిగింది, ఇన్ఫెక్షన్లు తగ్గాయి. ముప్పై ఏళ్ల తరవాత టొరంటోలో మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు షూ లీ తాలిన్ చూసి, నర్సుల కొరత లేని తన దేశంలో దాన్ని ప్రయత్నించాడు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 26 విభాగాల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. బిడ్డల బరువు మెరుగ్గా పెరిగింది, రొమ్ముపాల మీదే ఉన్న పిల్లలు ఎక్కువయ్యారు, తల్లిదండ్రుల ఆందోళన తగ్గింది. తాలిన్‌లో కొరత వల్ల జరిగింది, కొరత లేనిచోట కూడా మేలే చేసింది. నా వాదానికి ఇది కీలకం. కొరత తలుపు తెరిచిందన్నంత మాత్రాన, కొరత తీరితే మళ్లీ మూసేయవచ్చని కాదు.

మన దేశంలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. తెలుగు ఇళ్లలో పురుటి మైల అంటే ఇంటివాళ్లెవరూ బాలింతను ముట్టకపోవడం. పదకొండో నాటి దాకా విడిగా ఒక గది, ఒక కుంపటి. వేరుచేసేది తల్లీబిడ్డలను ఇద్దరినీ కలిపి. ఒకరి నుంచి ఒకరిని వేరుచేయడం ఆ ఆచారంలో లేదు. దీన్ని చూపించి పాత కాలమంతా బంగారమనడం నాకిష్టం లేదు. అదే గదిలో ముర్రుపాలు పిండి పారబోశారు, బిడ్డ నోట్లో తేనె, ఆముదం పెట్టారు, నెల తక్కువ బిడ్డ పోతే రాతనుకున్నారు. కానీ ఆసుపత్రి వచ్చి ఆ పొరపాట్లతో పాటు ఆ దగ్గరితనాన్నీ తీసేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలైన ప్రత్యేక నవజాత శిశు విభాగాలు, మనం ఎస్‌ఎన్‌సీయూ అనేవి, తరవాతి పదేళ్లలో దేశమంతా జిల్లా ఆసుపత్రులకు పాకాయి. అవి ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో తక్కువ చేసి చెప్పకూడదు. అయితే అవి పుట్టిందే అద్దం తలుపుతో. తక్కిన ప్రభుత్వాసుపత్రిలో స్ట్రెచర్ తోయడం దగ్గర్నుంచి సెలైన్ సీసా చూసుకోవడం దాకా అన్నీ అటెండెంటే చేయాలి. ఈ ఒక్క గదిలో మాత్రం తల్లి కూడా సందర్శకురాలే అయింది.

ఢిల్లీ రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రి ఈ తలకిందుల స్థితిని సరిచేయడానికి పూనుకుంది. తల్లికీ, తండ్రికీ, లేదా ఇంట్లో మరొకరికీ వీడియోలతో పాఠాలు చెప్పి, చేతులు కడగడం, గౌను వేసుకోవడం, బిడ్డను తుడవడం, పాలు పట్టడం, ప్రమాద సూచనలు కనిపెట్టడం నేర్పి పని అప్పగించింది. దాదాపు మూడు వందల మంది పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో ఇండియన్ పీడియాట్రిక్స్‌లో వచ్చాయి. ఇన్ఫెక్షన్లలో తేడా లేదు. ఇంటికి వెళ్లేనాటికి రొమ్ముపాలు మాత్రమే తాగేవాళ్లు కుటుంబం సేవ చేసిన జట్టులో 80 శాతం, మామూలు పద్ధతి జట్టులో 67 శాతం. అదే ఏడు కేంద్ర ఆరోగ్య శాఖ ఈ పద్ధతికి దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తరవాత వచ్చినది మరింత గట్టి సాక్ష్యం. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన పరీక్షలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది పిల్లలున్నారు. కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికో, ఆమె బదులు మరొకరి ఒంటికో ఆనించి ఉంచిన జట్టులో 28 రోజుల్లో చనిపోయినవాళ్లు 12 శాతం. మామూలు పద్ధతిలో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టమంటే పరీక్షను మధ్యలోనే ఆపేశారు. క్రిములు ఒంటికెక్కిన అనుమానం కూడా తల్లి దగ్గరున్న జట్టులోనే తక్కువ. దానికోసం ఆ ఆసుపత్రులు చేసిన ముఖ్యమైన మార్పు: వైద్య యంత్రాలున్న గదిలోనే తల్లికి మంచం వేశాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసులు మారాయి.

ఇక మిగిలిన అభ్యంతరాల్లో, శిక్షణ లేని చేతుల్లో పసికందును పెట్టడమేమిటన్నది చిన్నది. లెవిన్ నుంచి లోహియా దాకా ఎవరూ సూదులు, వెంటిలేటర్ మీటలు తల్లికి అప్పగించలేదు. ఇంటికెళ్లాక ఆమె ఎలాగూ చేయాల్సిన పనులనే నర్సు కళ్లెదుట ముందే చేయించారు. తలుపు మూసి ఉంచితే శిక్షణ లేని చేతుల్లో బిడ్డను పెట్టే రోజు డిశ్చార్జి రోజవుతుంది, అంతే తేడా. పెద్ద అభ్యంతరం వేరే ఉంది: ఇది జీతాలు మిగుల్చుకోవడానికి ఆసుపత్రి వేసిన ఎత్తుగడ కాదా, నర్సును పెట్టుకోకుండా తల్లి చేత చాకిరీ చేయించడం కాదా అని. ఈ పద్ధతి పుట్టుకే కొరతలో ఉంది కాబట్టి ఈ అనుమానాన్ని తేలిగ్గా తోసేయలేం. తాలిన్‌లో నిజంగానే నర్సులకు బదులు తల్లులు వచ్చారు. టొరంటోలో నర్సులు ఉండగా తల్లులు వచ్చారు. ఈ రెంటిలో మనం దేన్ని అనుసరిస్తున్నామో చెప్పేది గోడ మీది పోస్టరు కాదు, డ్యూటీ చార్టులో నర్సుల సంఖ్య.

దాని తరవాత చూడాల్సింది తల్లికి అక్కడ ఉండే వీలుందా అని. తెలంగాణలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ఆంధ్రలో 42.4. కుట్లతో ఉన్న మనిషి పై అంతస్తు వార్డు నుంచి కింది అంతస్తు విభాగానికి మూడు గంటలకోసారి దిగి రావాలంటే, తలుపు తెరిచే ఉన్నా మూసినట్టే. బిడ్డను 108లో జిల్లా ఆసుపత్రికి పంపి తల్లిని కాన్పయిన చోటే ఉంచేస్తే అసలు మాటే లేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఆసుపత్రిలో తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు అని రాసుకుంది. కిలోంపావు బిడ్డ విభాగంలో ఉండేది వారాల తరబడి. ఎనిమిదో రోజు నుంచి ఆమె అన్నం ఎవరు పెట్టాలి? బిడ్డను తండ్రి గుండెకు ఆనించుకున్నా పనికొస్తుందని చెబుతున్నాం. కూలికి పోయే తండ్రికి ఆ రోజు కూలి ఎవరిస్తారు? ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నవాడికి పితృత్వ సెలవు ఇచ్చే చట్టం ఇప్పటికీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో తల్లి దగ్గరున్న జట్టు పిల్లలు రోజుకు దాదాపు పదిహేడు గంటలు ఎవరో ఒకరి ఒంటి మీద ఉన్నారు. ఆ పదిహేడు గంటలు ఒక మనిషికి మంచం, బాత్రూము, మూడు పూటల అన్నం, బదులుకు ఇంకో మనిషి ఉంటేనే సాగేవి. కొత్త విభాగాలకు నక్షా గీసేటప్పుడు పిల్లలకు వేడినిచ్చే వార్మర్ల సంఖ్యతో పాటు తల్లుల మంచాల సంఖ్యను కూడా మంజూరు పత్రంలో రాయాల్సింది అందుకే.